పదకొండు లెక్కపెట్టేలోగా

ఇల్లేమన్నా మేకా, లామానా,
రాత్రికి రాత్రి తప్పిపోవడానికి?
తాళ్ళు పట్టుకొచ్చారు కట్టడానికి!
అంది ఎఫ్రోసినా అవ్వ గుమ్మానికి అడ్డంగా నిలబడి.
ఆమె వెనక చీకట్లో గినీ పందులు
కీచుకీచుమన్నాయి, వంత పాడుతున్నట్టు.

మేం ముగ్గురం.
నేను, తాపీ పట్టే నికానోర్,
లెక్కలు రాసుకోవడానికి కుస్కో నుంచి వచ్చిన యెసేనియా.
కంచరగాడిద మీద నైలాన్ తాడు చుట్టలు.
ఆండీస్‌లో ఆ ఎత్తున గాలి పల్చన,
మాట కూడా మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటుంది.

జవాబు చెప్పలేదు నేను.
పెరట్లో పిడికెడు మట్టి తీసి, తడిపి,
గోళీ అంత ఉండ చేసి నీడన ఆరబెట్టి
మర్నాడు ఆమె చేతికిచ్చాను:
రెండు వేళ్ళ మధ్య నొక్కు.
నొక్కింది. ఉన్న నాలుగు పళ్ళూ బిగించి నొక్కింది.
ఉండ పగల్లేదు.
మట్టి మంచిదే, అన్నాను.
నువ్వు చెప్పాలా?
నేనూ మా ఆయనా తొక్కిన మట్టి, అంది.

మట్టి మంచిదే అవ్వా,
గోడకీ గోడకీ మాటల్లేవు.
భూమి ఒక్క ఊపు ఊగితే
నాలుగూ నాలుగు దిక్కులకు పోతాయి,
ఆస్తి పంచుకున్న అన్నదమ్ముల్లా.

అప్పుడు తప్పుకుంది గుమ్మంలోంచి.
నమ్మి కాదు,
పొయ్యి మీద బంగాళాదుంపల పులుసు పొంగుతోంది.

కడితే ఇక పడదా?
గరిటె తిప్పుతూ, ఇటు చూడకుండా అడిగింది.
మాకిచ్చిన పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది, 'భద్రం' అని.
ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.
యెసేనియా నావైపు చూసింది.

పగులుతుంది, అన్నాను.
వంకర పోతుంది. మళ్ళీ అందులో పడుకోలేవు.
నువ్వు బయటపడేదాకా మాత్రం
తాడు దాన్ని పట్టుకుని ఉంటుంది.

ఎంతసేపు?

ఆ లెక్క ఏ పేజీలోనూ లేదు.

అవ్వ మంచమెక్కి గొర్రెతోలు కప్పుకుని కళ్ళు మూసుకుంది.
ఒక్కసారి లేచింది.
హుక్, ఇస్కాయ్, కిమ్సా...
తన భాషలో పైకి లెక్కపెడుతూ
ఎండుదుంపల బస్తా చుట్టూ తిరిగి,
ఎడమ మోకాలు మొరాయిస్తే గోడ పట్టుకుని,
గడప దాటేసరికి పదకొండు.

పదకొండుకి కట్టు, అంది
దర్జీకి జాకెట్ కొలత ఇచ్చినట్టు.

ముందు మంచం జరిపాం, నికానోరూ నేనూ.
బస్తా మూలకు పోయింది, పెట్టె ఇంకో మూలకు.
మళ్ళీ పడుకుంది, మళ్ళీ లేచింది.
ఆరు.
మిగిలిన అయిదూ? అడిగింది యెసేనియా నవ్వుతూ.
వాటి గూడు తలుపు తియ్యొద్దా?
అంది అవ్వ, గినీ పందుల వైపు చెయ్యి చూపించి.
నవ్వలేదు.

నాలుగు రోజులు.
గోడలకు బెజ్జాలు, బెజ్జాల్లోంచి తాడు,
లోపలికీ బయటికీ, నిలువుగా, అడ్డంగా,
బిగించిన ప్రతిచోటా నికానోర్ గోటితో మీటి చూశాడు.
పైన గడ్డి కలిపిన బురద మెత్తాం.
పనంతా మాయమైంది.
ఫోటోలో అది అందరి ఇళ్ళలాంటి ఇల్లు.
దస్త్రంలో: ఇల్లు ఒకటి, మనిషి ఒకరు.

దిగి వస్తుంటే కేకేసింది.
కప్పు మీది మట్టి ఎద్దుల జతను చూపించి,
తాడు ముక్క మిగిలిందిగా,
వాటికీ ఒక చుట్టు వెయ్యరాదూ?

ఇప్పటికి ఇరవైమూడు ఇళ్ళు కట్టాను.
లోయ అవతల నాది ఇంకా కట్టలేదు.
వచ్చే నెల, వానలయ్యాక, ఈ పంట తీశాక.

నిన్న రాత్రి నిద్ర పట్టలేదు.
నా చెయ్యి మీద పాప తల.
మెల్లగా ఎత్తుకుని లేచాను.
ఒకటి, రెండు,
చెప్పులు వద్దు, మూడు, నాలుగు,
గడియ దగ్గరికొచ్చేసరికి ఏడు.
తుప్పు పట్టిన గడియ. లాగితే రాదు.
ఎనిమిది. తొమ్మిది.
పది దగ్గర లెక్క మానేసి
పాపను భుజాన వేసుకుని
చీకట్లో నూనె సీసా కోసం
తడుముకుంటున్నాను.